వారానికి 40 గంటలు: థెరపీ లెక్క ఎక్కడ మొదలైంది?

హైదరాబాద్‌లో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల మధ్య థెరపీ గంటల వాదన మళ్లీ రాజుకుంది. రెండు మూడేళ్ల వయసులోనే వారానికి 30, 40 గంటలు ఇప్పించకపోతే బిడ్డ వెనకబడిపోతాడని కొన్ని సెంటర్లు చెబుతున్నాయి. అంత ఫీజు కట్టలేక, పోనీ మానేద్దామంటే మనసొప్పక నలిగిపోతున్న ఇళ్లు ఎన్నో. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే 'నిరామయ' ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకే. అందులోనూ థెరపీకి దక్కేది కొంతే.

ఈ 40కి మూలం 1987లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం. 19 మంది చిన్నారులకు రెండేళ్లకు పైగా, వారానికి 40 గంటలకు మించి, శిక్షణ పొందిన విద్యార్థులు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నేర్పారు. 9 మంది మామూలు పిల్లలతో పాటు ఒకటో తరగతి గట్టెక్కారని, ఐక్యూ కూడా సగటుకు చేరిందని ఆయన రాశారు. పోల్చి చూసిన 40 మందిలో ఆ స్థాయికి వచ్చింది ఒక్కరే. బిడ్డకు మాట రావాలని తపించే తల్లికి ఇంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది? వారానికి 40 గంటలన్న అంకె అలా పాతుకుపోయింది.

ఆ అధ్యయనంలోనే ఉన్న మరో రెండు విషయాలు మాత్రం పెద్దగా వినిపించవు. ఏ బిడ్డ ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చలేదు, శిక్షకులు దొరకడాన్ని బట్టి తేల్చారు. చెప్పిన మాట వినని పిల్లలను గట్టిగా గద్దించారు, తొడ మీద చరిచారు కూడా. 2000లో లోవాస్ శిష్యుడు ట్రిస్ట్రమ్ స్మిత్ బృందం 28 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు వారానికి సుమారు 25 గంటలతో మళ్లీ పరీక్షించింది. ఐక్యూ పెరిగింది గానీ, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

2024లో అమెరికా పరిశోధకురాలు మైకేల్ శాండ్‌బ్యాంక్ బృందం 144 అధ్యయనాలను, 9,038 మంది పిల్లల వివరాలను కలిపి చూసింది. గంటలు పెరిగిన కొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. వేర్వేరు పద్ధతులను ఒకే గాటన కట్టారని ఏబీఏ (లోవాస్ తరహా ప్రవర్తన శిక్షణ) నిపుణులు అభ్యంతరం చెబుతున్నారు.

మనకు దగ్గరగా జరిగిన పరిశోధన వేరే దారి చూపింది. 2016లో వెలువడిన 'పాస్' అధ్యయనం గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో సాగింది. ఆరు నెలల్లో 12 సెషన్లు, అవీ నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలతో. తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు, తర్వాత కార్యకర్తా తల్లీ కలిసి చూస్తారు. బిడ్డ బొమ్మ వదిలేసి ఫ్యాన్ వైపు చూశాడనుకోండి. 'ఇటు చూడు నాన్నా' అని లాగకుండా, తల్లి కూడా పైకి చూసి 'ఫ్యాన్ తిరుగుతోంది' అని, వాడు ఏమైనా అంటాడేమోనని ఆగుతుంది. ఇలా చేసిన ఇళ్లలో బిడ్డ తానుగా తల్లిని పలకరించే సందర్భాలు పెరిగాయి. ఇద్దరూ ఒకేదాని మీద కలిసి దృష్టి నిలపడం మాత్రం తగ్గింది, అది కూడా పరిశోధకులే చెప్పారు.

తల్లికి నేర్పే ఆ కాసేపు, ఈ గంటల ప్యాకేజీల్లో ఎక్కడుందో సెంటర్లు చెప్పాలి. చాలా చోట్ల ఇప్పటికీ తల్లిని తలుపు బయటే కూర్చోబెడుతున్నారు.