పిక్కబలం లెక్క

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ మొదలయ్యాక హమాలీల కాళ్లు చూడాలి. 40 కిలోల టిక్కీ (మిర్చి బస్తా) వీపున వేసుకుని, లారీకి ఆనించిన చెక్క ఎక్కుతుంటే పిక్క రాయిలా బిగుస్తుంది. కాలికి ఏదైనా మెషిన్ తొడిగితే ఈ బాధ కొంత తగ్గదా అనిపిస్తుంది. ఆ ఆలోచన పాతదే.

రష్యాకు చెందిన నికొలస్ యాగ్న్ 1890లోనే నడకకు, పరుగుకు సాయపడే స్ప్రింగుల పరికరానికి అమెరికాలో పేటెంటు పొందాడు. 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 'హార్డిమన్' అనే, ఒంటికి తొడుక్కునే యంత్రం తయారుచేసింది. దాని బరువే దాదాపు 680 కిలోలు. అది తొడుగు కాదు, మనిషిని మింగిన ప్రొక్లెయినర్! ఒక చెయ్యి పనిచేసింది గానీ మొత్తం యంత్రం ఎప్పుడూ అదుపులోకి రాలేదు. కాలికి బలం కలపాలని చూశారే తప్ప, కాలు తన శక్తిని ఎక్కడ ఖర్చుపెడుతోందో చూడలేదు.

ఆ లెక్కకు మూలం అప్పటికే ఉంది. 1938లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ.వి.హిల్ కప్ప కండరాల మీద కొలిచి చూపించాడు: కండ ఎంత వేగంగా కుంచించుకుంటే అంత తక్కువ బలం ఇస్తుంది. కదలకుండా బిగబట్టినప్పుడు దాని పట్టు ఎక్కువ. అయితే బిగబట్టడానికీ ఖర్చుంది. నిండు బిందె చంకన పెట్టుకుని కబుర్లకు నిలబడితే, బిందె అంగుళం కదలకపోయినా చెయ్యి లాగేస్తుంది.

నడిచేటప్పుడు పిక్క పనీ చాలావరకు ఇదే. పాదం నేలకు ఆనాక ఒళ్లు ముందుకు వాలుతుంటే కండ దాదాపు ఉన్న పొడవులోనే బిగిసి ఉంటుంది. సాగేది మడమ వెనకున్న టెండన్. మనం నరం అంటాం గానీ అది నరం కాదు, తాడులాంటిది. మడమ లేచేటప్పుడు అది వెనక్కి ముడుచుకుని మనిషిని ముందుకు నెడుతుంది.

2015లో అమెరికాలో కాలిన్స్, విగ్గిన్, సావికీ అనే పరిశోధకులు ఈ కిటుకునే పట్టుకున్నారు. మోటారు లేదు, బ్యాటరీ లేదు. పిక్క వెనక ఒక స్ప్రింగ్, అడుగు నేల మీద ఉన్నంతసేపు దాన్ని పట్టి, కాలు గాల్లోకి లేవగానే వదిలేసే క్లచ్. ఒక్కో కాలికి సుమారు అరకిలో. నడకకయ్యే శక్తి 7 శాతం దాకా తగ్గింది. స్ప్రింగ్ మరీ గట్టిదైతే మాత్రం ఆ లాభం పోయింది. అంతకుముందు 2013లో సావికీ బృందం గెంతేవాళ్ల మీద ఇంకో చిక్కు చూసింది. స్ప్రింగ్ భారం పంచుకునేసరికి టెండన్ తక్కువ సాగింది, ఆ మిగతా సాగుడు కండ మీద పడింది.

ఆ 7 శాతం కూడా ట్రెడ్‌మిల్ మీద, వీపున బరువు లేకుండా, చదును నడకలో వచ్చింది. చెక్క ఎక్కడం వేరే సంగతి. స్ప్రింగ్ తీసుకున్నంతే తిరిగిస్తుంది, మనిషిని, టిక్కీని పైకి లేపే పని కండే చెయ్యాలి. పైగా టిక్కీ బరువు పడేది నడుం మీద, ఈ స్ప్రింగ్ ఉండేది చీలమండ దగ్గర.