గడ్డి రన్‌వేకి గుంపుగా వెళ్లేముందు: పైలట్లలో తిరిగే అపోహలు, వాస్తవాలు

ఐదారు చిన్న విమానాలు కలిసి ఒక గడ్డి ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్దామనుకోగానే మాటలన్నీ తేదీ చుట్టూ, వాతావరణం చుట్టూ, ఎవరి విమానంలో ఎవరు ఎక్కాలన్న దాని చుట్టూ తిరుగుతాయి. రన్‌వే సంగతి వచ్చేసరికి "అక్కడ ఇంతకుముందు చాలామంది దిగారులే" అని తేల్చేస్తారు. ఇలాంటి ప్రయాణాలు ప్లాన్ చేసేటప్పుడు నాకు పదేపదే వినపడే మాటలు కొన్ని రాస్తున్నాను. నన్నడిగితే ఇబ్బంది గడ్డితో కన్నా గుంపుతోనే ఎక్కువ.

అపోహ: ముందు వెళ్లినవాళ్లు దిగారు కదా, మనమూ దిగొచ్చు.

ముందు దిగింది ఒక్క మనిషితో వచ్చిన తేలికపాటి టెయిల్‌వీల్ (మూడో చక్రం తోక కింద ఉండే) విమానం కావచ్చు. వెనక వస్తున్నది నలుగురితో నిండిన, ముందు చక్రం ఉన్న విమానం కావచ్చు. ఈ రెండింటికీ కావలసిన పొడవు ఒకటి కాదు. గుంతలో పడితే విరిగేది కూడా ఒకటి కాదు: ముందు చక్రం దిగబడితే ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. దిగినవాళ్లు రేడియోలో "బాగానే ఉంది, వచ్చేయండి" అంటారు. ఆ మాట ఎందుకూ పనికిరాదు. గడ్డి తడిగా ఉందా, బ్రేకులు పట్టాయా, మెత్తటి నేల ఎక్కడుంది, చివర్లో గాలి ఎటు తిరిగింది అని విడివిడిగా అడగాలి.

అపోహ: విమానం మాన్యువల్లో టేకాఫ్ దూరం 400 మీటర్లే ఉంది, స్ట్రిప్ 600 మీటర్లు. ఇంకేం కావాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాన్యువల్లో ఉండే అంకె చాలావరకు పొడిగా, గట్టిగా, సమతలంగా ఉన్న రన్‌వే మీద, కొత్త విమానంతో, అలవాటైన పైలట్ సాధించినది. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల కోసం ఇచ్చిన సూచనల్లో గడ్డికి విడిగా గుణకాలు ఉన్నాయి. గట్టి నేల మీద పొడి గడ్డి అయితే టేకాఫ్ దూరాన్ని 1.2తో, తడి గడ్డి అయితే 1.3తో గుణించాలి. రెండు శాతం వాలుకు ఎదురెక్కితే ఇంకో 1.1. నేల మెత్తగా ఉంటే 1.25 లేదా అంతకన్నా ఎక్కువ. ఇవన్నీ కూడికలు కావు, ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోవాలి. చివర్లో భద్రత కోసం 1.33.

పై 400 మీటర్లనే తీసుకోండి. తడి గడ్డి వల్ల 520 అయింది, ఎగువ వాలుతో 572, భద్రతా గుణకంతో సుమారు 760. అంటే 600 మీటర్ల స్ట్రిప్ ఆ రోజు ఆ విమానానికి చాలదు. నేల మెత్తబడితే వచ్చే అంకె ఇందులో ఇంకా కలపనేలేదు. స్ట్రిప్ ఎత్తు, ఎండ కూడా మాన్యువల్ పట్టికలో లెక్కకు రాకపోతే వాటినీ చేర్చాలి: ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ పది శాతం, ప్రతి పది డిగ్రీల వేడికీ పది శాతం.

ఈ లెక్క గుంపు నాయకుడు అందరి తరఫున చేస్తే కుదరదు. ఎవరి విమానం, ఎవరి బరువు, ఎవరి పట్టిక వాళ్లదే. నేనైతే బయల్దేరే ముందు ప్రతి పైలట్‌నీ తన అంకె నోటితో చెప్పమంటాను. "సరిపోతుంది" అనే జవాబు లెక్కలోకి రాదు.

అపోహ: దిగగలిగితే ఎగరగలం.

చాలా చిన్న విమానాలకు ఎగరడానికే ఎక్కువ దూరం కావాలి. దిగిన తర్వాతే ఈ సంగతి తెలిసొచ్చి విమానం అక్కడే ఉండిపోయిన సందర్భాలు తక్కువేం కావు. టేకాఫ్‌కి ఒక మంచి గుర్తు ఉంది: రన్‌వే సగం దాటేసరికి గాల్లోకి లేవడానికి కావలసిన వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసేసి ఆగిపోవాలి. ఆ సగం ఎక్కడో తెలియడానికి ముందే నడుచుకుంటూ వెళ్లి ఒక జెండా పాతి రావాలి. గడ్డిలో దూరాలు కంటికి అందవు.

అపోహ: కాస్త వేగంగా వస్తే సేఫ్, గడ్డే ఆపేస్తుంది.

వేగం పది శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరుగుతుంది. పొట్టిగా ఉన్న తడి గడ్డి మీద బ్రేకులు పట్టవు. అలాంటి చోట ల్యాండింగ్ దూరం 60 శాతం వరకు పెరగొచ్చని పైన చెప్పిన సూచనల్లోనే ఉంది.

అపోహ: కుదరకపోతే గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) చేసుకోవచ్చు.

చుట్టూ ఖాళీగా ఉన్న చోట నిజమే. ఒక చివర కొండో, ఎత్తైన చెట్లో ఉండి ఎగువకు దిగి దిగువకు ఎగరాల్సిన స్ట్రిప్ అయితే, ఒక చోటు దాటాక తిరిగి పైకి లేచే దారి ఉండదు. ఆ చోటు ఏదో ఇంటి దగ్గరే మ్యాప్ మీద గుర్తించుకోవాలి. అక్కడికి వచ్చేసరికి వేగం, ఎత్తు, రన్‌వేతో వరస మూడూ సరిగ్గా లేకపోతే అప్పుడే వదిలేయాలి. పైగా కన్ను మోసం చేస్తుంది. ఎగువకు వాలిన రన్‌వే, అలవాటైన దానికన్నా సన్నటి రన్‌వే, రెండూ మనం ఎక్కువ ఎత్తులో ఉన్నామనిపిస్తాయి. దాంతో తెలియకుండానే కిందికి దిగిపోయి చెట్ల మీదికి వస్తాం.

అపోహ: పదిమందితో కలిసి వెళ్తే ఒంటరిగా వెళ్లడం కన్నా క్షేమం.

ఒకే దారిలో వెళ్లే విమానాల గుంపు వేరు, ఫార్మేషన్ (పక్కపక్కనే జట్టుగా ఎగరడం) వేరు. రెండోది శిక్షణ లేకుండా, ముందస్తు ఒప్పందం లేకుండా చేయకూడదు. విడివిడిగా వెళ్లేటప్పుడు వేగంగా పోయేవి ముందు బయల్దేరాలి, దారిలో ఒకరినొకరు దాటాల్సిన పని రాకుండా. రెక్క క్యాబిన్‌కి పైన ఉన్న విమానంలోంచి పైన ఏముందో కనపడదు, రెక్క క్యాబిన్‌కి కింద ఉన్న దానిలోంచి కింద ఏముందో కనపడదు. ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా దిగుతూ వచ్చే చివరి దారిలో) ఒకదాని మీదికి ఒకటి వచ్చే ప్రమాదం ఇందుకే.

గడ్డి స్ట్రిప్‌కి చాలాచోట్ల టాక్సీవే (విమానాలు నేల మీద నడిచే పక్కదారి) ఉండదు. దిగిన విమానం వెనక్కి తిరిగి రన్‌వే మీదుగానే రావాలి. కాబట్టి సర్క్యూట్‌లో (దిగేముందు రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) మామూలుగా పాటించే ఎడం చాలదు. స్ట్రిప్‌కి దూరంగా ఒక గుర్తు దగ్గర, ఐదేసి వందల అడుగుల తేడాతో వేచి ఉండి, ముందువాళ్లు "రన్‌వే ఖాళీ" అన్నాకే ఒక్కొక్కరు రావాలి. మూడో విమానం మధ్యలో బురదలో దిగబడిందనుకోండి, మిగతావాళ్లందరూ వేరే చోటికి పోవాల్సిందే. వేచి ఉండడానికి, అక్కడికి పోవడానికి, ఆపైన రిజర్వ్‌కి సరిపడా ఇంధనం ప్రతి విమానంలోనూ ఉండాలి. ఆ ఇంధనం బరువు మళ్లీ పైన చెప్పిన లెక్కలోకి వస్తుంది. బరువు పది శాతం పెరిగితే టేకాఫ్ దూరం 20 శాతం పెరుగుతుంది.

ఇక మొహమాటం. ఐదుగురు దిగి చేతులూపుతుంటే ఆరోవాడు వెనక్కి తిరగడానికి సిగ్గుపడతాడు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: బ్రీఫింగ్‌లో, దిగకుండా తిరిగితే వెళ్లే వేరే చోటుని కూడా ప్రోగ్రాంలో భాగంగా పెట్టడం. అక్కడ పార్కింగ్, ఇంధనం, కారు ఏర్పాటు ముందే చేసి, "ఎవరైనా అటు వెళ్తే కారు వస్తుంది, కారణం అడగం" అని అందరి ముందూ చెప్పేయాలి.

అపోహ: తిరుగు ప్రయాణం మామూలే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు దిగి, మధ్యాహ్నం ఎండలో బయల్దేరతాం. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) సుమారు 120 అడుగులు పెరుగుతుంది. 15 డిగ్రీలు పెరిగితే ఇంజిన్‌కి, రెక్కకి స్ట్రిప్ 1,800 అడుగులు పైకి జరిగినట్టే. అందుకే తిరుగు లెక్క అక్కడే, అప్పటి ఉష్ణోగ్రతతో, అప్పటి గాలితో మళ్లీ చేయాలి. చాలకపోతే సామాను, ఒకరిద్దరు ప్రయాణికులు కారులో దగ్గర్లోని పొడవైన రన్‌వేకి రావాలి. లేదా సాయంత్రం చల్లబడేదాకా ఆగాలి, చీకటి పడే వేళ చూసుకుని.