గుమ్మి కింద నుంచి బీరువా కిందికి

"పిల్లి ఇల్లును పట్టుకుంటది, కుక్క మనిషిని పట్టుకుంటది" అనేది మా నాయనమ్మ. వరంగల్ మట్టెవాడలో మా పాత గూనపెంకుల ఇంట్లో పెద్ద వడ్ల గుమ్మి ఉండేది. దాని కింద ఎప్పుడూ ఏదో ఒక పిల్లి కాపురం. ఎవరూ తెచ్చుకున్నది కాదు, దానంతట అదే వచ్చేది. పేరు లేదు, సొంత గిన్నె లేదు. రాత్రి మిగిలిన పెరుగన్నం వాకిట్లో బండ మీద వేస్తే తినేది, వేయకపోతే అడిగేది కాదు.

మనిషికీ పిల్లికీ పొత్తు మొదలైందే గుమ్మి దగ్గర. పశ్చిమాసియాలో సుమారు పదివేల ఏళ్ల కింద జనం పంటలు పండించి గింజలు దాచడం మొదలుపెట్టారు. గింజల కోసం ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం అడవిపిల్లులు వచ్చాయి. 2007లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం ఇవాళ మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ ఆ ప్రాంతపు అడవిపిల్లి సంతానమే. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి ఒక సమాధి బయటపడింది. మనిషి ఎముకలకు మూరెడు దూరంలోనే ఒక పిల్లిని కూడా పూడ్చిపెట్టారు. ఆ దీవిలో అంతకుముందు పిల్లులు లేవు, కాబట్టి ఎవరో పడవలో తీసుకెళ్లి ఉండాలి. కుక్కనైతే మనం ఏరికోరి పెంచి, వేటకూ కాపలాకూ తగ్గట్టు మలుచుకున్నాం. పిల్లి మాత్రం తన పని తాను చేసుకుంటూ మన చూరు కింద చేరింది. అందుకే ఒంటరి వేటగాడి గుణాలు దానిలో ఇంకా పోలేదు. వాటిలో మొదటిది దాక్కోవడం.

హనుమకొండలో అద్దె ఇంటికి మారాక ఒక స్నేహితుడి ఇంటి నుంచి మూడు నెలల పిల్లను తెచ్చుకున్నాం. నుదుటి మీద నల్లమచ్చ, అందుకని చుక్కి. అట్టపెట్టె తెరవగానే బీరువా కిందికి దూరిందది, మూడు రోజులు బయటికి రాలేదు. నేను టార్చిలైటు వేసి చూడటం, చెయ్యి పెట్టి లాగబోవడం, గీరించుకోవడం! తర్వాత తెలిసింది, నేను చేసిన పనులన్నీ చేయకూడనివేనని.

అడవిపిల్లి ఎలుకకు వేటగాడే కానీ నక్కకూ గద్దకూ తిండి. కొత్తచోట దానికి కావలసింది ముద్దుచేయడం కాదు, తనను ఎవరూ చూడని మూల. నెదర్లాండ్స్‌లోని ఒక పిల్లుల షెల్టర్‌లో కొత్తగా వచ్చినవాటిలో కొన్నిటికి దాక్కోవడానికి అట్టపెట్టెలు ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టెలు దొరికినవాటికి టెన్షన్ త్వరగా తగ్గిందని 2014లో రాశారు. ఒక చిన్న గది, ఒక పెట్టె, ఒక మూల ఇసుక తట్ట, దానికి దూరంగా తిండీ నీళ్లూ. మొదటి వారానికి ఇంతే చాలు.

ఇంకో ముఖ్యమైన వస్తువు ఉతకని గుడ్డ. పిల్లి బుగ్గల్లో, నుదుటి మీద వాసన గ్రంథులు ఉంటాయి. తలుపు అంచుకు, కుర్చీ కాలికి, మన పిక్కలకు అది ముఖం రుద్దేది ఆ వాసన అంటించడానికే. తన వాసన ఉన్నది తన చోటు. అందుకే తెచ్చేటప్పుడు పాత ఇంట్లో అది పడుకున్న గుడ్డను అలాగే తేవాలి. ఆ గుడ్డ ఉంటే కొత్త ఇంట్లో దానికి తెలిసిన చోటు జానెడైనా ఉన్నట్టే. నాయనమ్మ మాటలో సగం నిజం ఇదే, పిల్లి పట్టుకునేది ఇంటి వాసనను.

మిగతా సగం నిజం కాదు. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2019లో ఒక పరీక్ష చేశారు. పిల్లికూనను పెంచిన మనిషితో కొత్త గదిలో కాసేపు ఉంచి, ఆ మనిషిని బయటికి పంపి, మళ్లీ రప్పించారు. దాదాపు మూడింట రెండు వంతుల కూనలు మనిషి రాగానే కుదుటపడి, దగ్గరికొచ్చి పలకరించి, తిరిగి ఆటలో పడ్డాయి. పసిపిల్లలు తల్లి విషయంలో ఇలాగే చేస్తారు. అయితే ఆ బంధం కుదరాలంటే పిల్లకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో తిరిగిన అలవాటు ఉండాలి. గోడౌన్లో పుట్టి ఆ వయసు దాటాక దొరికిన పిల్ల మచ్చిక కావడానికి నెలలు పడితే అది దాని తప్పు కాదు.

ఇక తిండి. మా అమ్మ చుక్కికి పాలు పోసింది, రెండు రోజులు విరేచనాలు. ఎదిగే కొద్దీ చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు. కళ్లు మూసుకుని పాలు తాగే సామెత పిల్లిని చూసి మనం మోసపోయాం! తీపి సంగతి ఇంకా విచిత్రం. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పాడైపోయిందని 2005లో ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మైసూర్‌పాక్ దగ్గరికి అది వస్తే నెయ్యి వాసనకే, తీపికి కాదు.

పెరుగన్నం మీదే పిల్లిని పెంచుతామనేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, శాకాహార ఇళ్లలో మరీనూ. నాయనమ్మ పిల్లి బతకలేదా అంటారు. బతికింది, కానీ పెరుగన్నం మీద కాదు. పిల్లి శరీరానికి టారిన్ అనే పదార్థం తప్పనిసరి. మనం దాన్ని ఒంట్లోనే తయారు చేసుకుంటాం, పిల్లి చాలినంత చేసుకోలేదు. మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో పప్పులో ఉండదు. అది చాలకపోతే కంటిపొర దెబ్బతిని చూపు పోతుందని 1970లలో తేలింది. గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. ఎలుక ఒంట్లో టారిన్ దండిగా ఉంటుంది. అంటే నాయనమ్మ పిల్లికి అసలు భోజనం పెట్టింది గుమ్మి, పెరుగన్నం పైపై చిరుతిండి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో గుమ్మి ఎక్కడిది? అక్కడ ఆ బాధ్యత మనదే. పిల్లుల కోసం చేసిన డబ్బా తిండి పెట్టినా సరే, లేదా చికెన్ సెంటర్లో గుండెకాయలు అడిగి తెచ్చి ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి కొంత కలిపినా మంచిదే. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది, కాబట్టి ఉడికించిన నీళ్లు పారబోయకూడదు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం దాని రక్తకణాలను పగలగొడతాయి. మన కూరలన్నీ ఆ లెక్కన విషమే.

ఈడు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టవచ్చు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. మా చిన్నప్పుడు ఆ పిల్లలను గోనెసంచిలో చెరువు అవతల వదిలి వచ్చేవాళ్లు. దాని గురించి ఇంతకంటే రాయబుద్ధి కాదు.

ఎదిగిన పిల్లులు ఒకదానితో ఒకటి మియావ్ అని మాట్లాడుకోవడం అరుదు. అది పిల్ల తల్లిని పిలిచే పిలుపు, మన కోసం జీవితాంతం దాచుకుంటాయి. కళ్లు మెల్లగా సగం మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుందని, అలా చేసిన కొత్తవాళ్ల దగ్గరికి కూడా ఎక్కువగా వస్తుందని ఇంగ్లండ్‌లో 2020లో చూపించారు. నేను చేసి చూశాను, చుక్కి బదులిచ్చేది. మా ఆవిడ మాత్రం నాకు నిద్ర వస్తోందనుకునేది.

గుర్‌గుర్ మాత్రం మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఒడిలో కూర్చుని సుఖంగా ఉన్నప్పుడు చేసే ఆ చప్పుడునే పిల్లి ఈనేటప్పుడూ, ఎముక విరిగినప్పుడూ, చివరి రోజుల్లోనూ చేస్తుంది. నొప్పి తెలుసుకోవాలంటే చెవిని కాదు, ముఖాన్ని నమ్మాలి. కెనడాలో మాంట్రియల్ పశువైద్యులు 2019లో దీనికి ఒక కొలత తయారు చేశారు. చెవులు పక్కకు తిరిగి దూరం జరగడం, కళ్లు చిట్లించడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కంటే దిగిపోవడం. ఈ అయిదూ చూసి మార్కులు వేస్తారు.

నొప్పి అనుకోగానే మన చెయ్యి మందుల డబ్బా మీదికి పోతుంది. తెలిసిన ఒకరింట్లో జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ గోలీ అరముక్క పాలలో కలిపి పోశారు. మర్నాటికి ముఖం ఉబ్బి, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి, బతకలేదు. ఆ మందును మార్చి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. దాంతో రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. కుక్కల పిడుదులకు వేసే పర్మెత్రిన్ చుక్కలూ అంతే, పిల్లికి ప్రాణాంతకం. మగపిల్లి ఇసుకలో మాటిమాటికీ కూర్చుని ఒక్క చుక్కా పోయలేకపోతుంటే రేపు చూద్దామనుకోవద్దు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

మా చెల్లె కడుపుతో ఉన్నప్పుడు చుట్టాలంతా పిల్లిని ఎక్కడైనా వదిలేసి రమ్మన్నారు. వాళ్లు భయపడ్డది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి. ఆ భయం ఉత్తది కాదు. కానీ పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు రెండు మూడు వారాలు మాత్రమే దాని గుడ్లను మలంలో వదులుతుంది. ఆ గుడ్లు పక్వానికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇసుక తట్టను వేరేవాళ్లు రోజూ శుభ్రం చేస్తే ఆ దారి చాలావరకు మూసుకున్నట్టే. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల నుంచి కూడా అది వస్తుంది. ఆ మాట చుట్టాల్లో ఎవరూ అనలేదు. రేబిస్ సంగతి వేరు, అక్కడ పట్టింపు ఉండాల్సిందే. పిల్లికి టీకా వేయించాలి. కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో పంపు కింద కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కారం, పసుపు అద్దకూడదు.

చుక్కికి పన్నెండేళ్లు దాటాక బాత్రూం బకెట్లో నీళ్లు తాగడం మొదలుపెట్టింది. అడవిపిల్లి పూర్వీకులు ఎడారి అంచుల్లో బతికినవి, ఆ వంశానికి దాహం తక్కువ. అలాంటి పిల్లి మాటిమాటికీ నీళ్లు తాగుతోందంటే మూత్రపిండాలను అనుమానించాలి. మేం ఎండలనుకున్నాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేసరికి మూత్రపిండాల పనిలో మూడింట రెండు వంతులకు పైగా పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. నాలుగు కిలోల పిల్లి మూడు కిలోలకు దిగింది. అప్పటిదాకా అది చెప్పనే లేదు. అడవిలో నీరసాన్ని చూపించిన జంతువు గద్ద కంట పడుతుంది, అందుకని ఫ్లాట్‌లో కూడా చూపించదు. ముసలిపిల్లిని నెలకోసారి తూకం వేయండి. బియ్యం తూచే కాటా చాలు.

ఏడాదిన్నర పాటు మెడ దగ్గర చర్మం పట్టుకుని సెలైన్ ఎక్కించాం. అమ్మ పట్టుకునేది, నేను సూది గుచ్చేవాణ్ని. కిందటి వానాకాలంలో తినడం మానేసింది. మళ్లీ బీరువా కిందికే పోయింది. చావు తెలిసి పిల్లి ఇల్లు విడిచి పోతుందంటారు. దానికి చావు తెలుస్తుందో లేదో కానీ, ఒళ్లు బాగాలేదని మాత్రం తెలుసు. మూడు నెలల వయసులో చేసిందే చేసింది. ఈసారి నేను టార్చి వేయలేదు, చెయ్యి పెట్టలేదు. దాని దుప్పటి కిందికి తోసి, పక్కన నేల మీద పడుకున్నాను.

మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న ఊరు మాది, డాక్టర్లకు కొదవ లేదు. అయినా ఆ ఇంజెక్షన్ మాట నోటికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు చుక్కి కోసం కాదు, మా కోసం ఆగామని ఇప్పుడు అనిపిస్తుంది. ముందు మత్తు ఇచ్చారు. తర్వాత నరంలోకి మత్తుమందునే మోతాదు మించి ఎక్కించారు. కొన్ని క్షణాల్లోనే తెలివి పోతుంది, కాసేపటికి గుండె ఆగుతుంది. కళ్లు మూసుకోవని డాక్టరు ముందే చెప్పాడు. అది మేలైంది, లేకపోతే అమ్మ భయపడేది. ఆ మందు ఒంట్లోనే ఉండిపోతుంది, కళేబరాన్ని తిన్న కుక్కలూ గద్దలూ చచ్చిపోతాయి. అందుకని పరకాల దగ్గర మా పొలం గట్టున మూడడుగులకు పైగా తవ్వి పూడ్చాం.

దసరాకు ముందు వంటింట్లో బియ్యం డబ్బా వెనుక చప్పుడైంది. చూస్తే ఎలుక. చుక్కి చివరి మూడేళ్లలో ఎలుకను పట్టిందే లేదు. నిజానికి పెద్ద ఎలుకలను పట్టడంలో పిల్లులకు మనం ఇచ్చినంత పేరు చెల్లదు. న్యూయార్క్‌లోని ఒక చెత్త గోడౌన్‌లో 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే అక్కడి పిల్లులు చంపింది రెండే రెండు ఎలుకలని 2018లో రాశారు. కానీ పిల్లులు తిరిగిన రోజుల్లో ఎలుకలు బయటికి రావడం తగ్గించాయి. పిల్లి లాలాజలంలో ఉండే ఒక ప్రొటీన్ వాసనకే చుంచులు బెదురుతాయని 2010లో తేలింది, అంతకుముందు పిల్లినే చూడనివి కూడా.

"అది లేదని వీటికెట్ల తెల్సిందిరా?" అంది అమ్మ.

చుక్కి దుప్పటిని ఆమె ఉతికి ఆరేసి అప్పటికి నాలుగు రోజులు.