ఉక్రెయిన్ యుద్ధాన్ని మనం చూస్తున్న తీరు: అపోహలు - వాస్తవాలు

తెలుగు వార్తల్లో అంతర్జాతీయ డెస్క్‌లో పనిచేస్తాను. ఒక వీడియో అసలుదేనా, ఎక్కడిది, ఎప్పటిది అని తేల్చడం నా పనిలో పెద్ద భాగం. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగినప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు, పాఠకులు ఒకే రకం ప్రశ్నలు అడుగుతున్నారు. ఆ యుద్ధం మీద వచ్చిన జోకులకు నవ్వుతాం, కోపం తెచ్చుకుంటాం, విసుగొచ్చి వదిలేస్తాం, రాత్రి మళ్ళీ ఫోన్ తెరుస్తాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ నవ్వుకూ కోపానికీ కారణమైనది నిజంగా జరిగిందా లేదా అన్న దగ్గరే మనం దెబ్బతింటున్నాం. నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: యుద్ధం మీద జోకులేయడం చచ్చిపోయినవాళ్ళను అవమానించడమే.

వాస్తవం: ఈ యుద్ధం మీద పుట్టిన జోకుల్లో ఎక్కువ భాగం బాంబుల కింద ఉన్నవాళ్ళవే. ఉక్రెయిన్‌లో హాస్యానికి పాత చరిత్ర ఉంది. ఒడెస్సా నగరంలో ఏప్రిల్ 1న జరిపే హాస్యోత్సవం 1973లో మొదలైంది. ఆ దేశ అధ్యక్షుడు జెలెన్‌స్కీ రాజకీయాల్లోకి రాకముందు టీవీలో పేరున్న హాస్యనటుడు.

దాడి మొదలైన తొలి వారాల్లో, రష్యా సైనికులు వదిలేసి పోయిన సాయుధ వాహనాలను రైతులు ట్రాక్టర్లకు కట్టి లాక్కెళ్ళే వీడియోలు వచ్చాయి. అప్పుడు అక్కడి అవినీతి నిరోధక సంస్థ ఒక ప్రకటన చేసింది: పట్టుకున్న రష్యా ట్యాంకును ఆస్తుల లెక్కల్లో చూపించనక్కర్లేదు, కంగారు పడకుండా దేశాన్ని కాపాడుకోండి అని. అది నిజంగా ప్రభుత్వ సంస్థ చెప్పిన మాట. ఖేర్సన్ పక్కన చోర్నోబాయివ్కా విమానాశ్రయంలో రష్యా దళాలు మళ్ళీ మళ్ళీ దిగడం, ఉక్రెయిన్ మళ్ళీ మళ్ళీ వాటిని కొట్టడం వల్ల ఆ ఊరి పేరు దేశమంతా ఒక జోకైపోయింది. ఖేర్సన్ పుచ్చకాయలకు ప్రసిద్ధి. రష్యా ఆక్రమించిన ఆ నగరం 2022 నవంబర్ 11న తిరిగి ఉక్రెయిన్ చేతికొచ్చినప్పుడు జనం పుచ్చకాయ బొమ్మలతోనే పండుగ చేసుకున్నారు.

ఈ నవ్వు ఎందుకో అర్థం కావాలంటే అక్కడి రాత్రులు ఎలా ఉంటాయో తెలియాలి. సైరన్ మోగినప్పుడు షెల్టర్‌కు వెళ్ళలేనివాళ్ళు వీధికీ తమకూ మధ్య కనీసం రెండు గోడలు ఉండేలా చూసుకుని కారిడార్‌లోనో బాత్రూమ్‌లోనో కూర్చుంటారు. మొదటి గోడ పేలుడు దెబ్బను తీసుకుంటుంది, రెండోది ముక్కలను ఆపుతుంది. పిల్లలతో అలా కూర్చున్న మనిషికి భయం తప్ప ఇంకేదైనా మాట్లాడుకునే హక్కు ఉంది. మనలాంటి దూరపువాళ్ళకు నేను గీసే గీత ఒకటే. ఆ జోకు అధికారం మీదో, ప్రగల్భాల మీదో, సొంత భయం మీదో అయితే పంచుకోండి. శవం మీదో, చేతులెత్తేసిన సైనికుడి ముఖం మీదో అయితే, అది ఏ పక్షం వాడిదైనా, ముందుకు పంపొద్దు. లొంగిపోయిన సైనికులను జనం కుతూహలానికి ప్రదర్శన వస్తువులుగా చేయకూడదని జెనీవా ఒప్పందమే చెబుతోంది.

అపోహ: వీడియో ఉందిగా, ఇంకేం రుజువు కావాలి?

వాస్తవం: తొలి వారాల్లో నా ముందుకొచ్చిన "యుద్ధ" వీడియోల్లో వీడియో గేమ్‌లవి ఎన్నో. ఆర్మా 3 అనే గేమ్ దృశ్యాలు ఎంతగా తిరిగాయంటే, దాన్ని తయారుచేసిన చెక్ కంపెనీ బొహీమియా ఇంటరాక్టివ్ 2022లో ఒక ప్రకటన ఇచ్చి మరీ, మా గేమ్ దృశ్యాలను ఇలా గుర్తుపట్టండి అని చెప్పాల్సి వచ్చింది. చీకట్లో తీసినట్టు ఉండటం, బొమ్మ మసకగా, వణుకుతూ ఉండటం, మనుషులు దాదాపు కనిపించకపోవడం, అసలు శబ్దం లేకపోవడం గేమ్ వీడియోల లక్షణాలు. 2015లో చైనాలోని టియాన్‌జిన్ గోదాముల పేలుడు వీడియో కూడా ఉక్రెయిన్ పేరుతో తిరిగింది.

ఇంట్లో కూర్చుని మీరే చేయగల పరీక్షలు కొన్ని చెబుతాను. మొదటిది శబ్దం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు కిలోమీటర్ల అవతల పేలుడు వెలుగు కనిపిస్తే, శబ్దం ఎనిమిది, తొమ్మిది సెకన్ల తర్వాత రావాలి. వెలుగూ మోతా ఒకేసారి వచ్చాయంటే ఎవరో తర్వాత శబ్దం అతికించారేమో అని అనుమానించాలి. రెండోది బోర్డులు. దుకాణాల మీద నిలువు గీతకు పైన రెండు చుక్కలున్న అక్షరం కనిపిస్తే అది ఉక్రెయిన్ భాష. రష్యన్‌లో ఆ అక్షరం లేదు. దీన్ని ఒంటరి రుజువుగా మాత్రం తీసుకోవద్దు, రష్యా సరిహద్దు దగ్గరి ఖార్కివ్ లాంటి చోట్ల రష్యన్ బోర్డులూ ఉండేవి. మూడోది అందరికీ తెలిసినదే: వీడియోలో ఒక స్పష్టమైన దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్‌లో బొమ్మతో వెతకడం. పాత వీడియో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

మేం దీనికంటే ముందుకు వెళ్ళి చర్చి గోపురం, ట్రామ్ తీగలు, కూడలి ఆకారం చూసుకుంటూ ఉపగ్రహ పటంతో సరిపోల్చుతాం. ఇది నెమ్మదిగా సాగే పని. సోవియట్ కాలపు తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్లు రష్యా నగరాల్లోనూ ఉక్రెయిన్ నగరాల్లోనూ ఒకేలా ఉంటాయి. అందుకే భవనం ఒక్కటే చూసి ఊరు చెప్పేసేవాళ్ళను నమ్మొద్దు.

అపోహ: వీరగాథలు అబద్ధమైతే మాత్రం ఏం నష్టం? జనానికి ధైర్యం వస్తుందిగా.

వాస్తవం: ఈ ప్రశ్న దగ్గర నేను గట్టిగా వాదిస్తాను. "కీవ్ దెయ్యం" అనే పైలట్ తొలిరోజే ఆరు రష్యా విమానాలు కూల్చాడన్న కథ మన దగ్గర కూడా బాగా తిరిగింది. దాంతో వచ్చిన ఒక వీడియో విమానాల గేమ్‌లోది. తయారుచేసినవాళ్ళే ఆ మాట రాసి పెట్టినా, పంచుకున్నవాళ్ళు ఆ వాక్యాన్ని కత్తిరించేశారు. 2022 ఏప్రిల్ చివర్లో ఉక్రెయిన్ వాయుసేన స్వయంగా చెప్పింది: అలాంటి ఒక్క మనిషి లేడు, రాజధాని ఆకాశాన్ని కాపాడుతున్న పైలట్లందరికీ కలిపి జనం ఇచ్చుకున్న రూపం అది అని.

నల్లసముద్రంలోని ఉక్రెయిన్ దీవి స్నేక్ ఐలాండ్ కథ ఇంకా చిక్కుది. లొంగిపొమ్మన్న రష్యా యుద్ధనౌకను సరిహద్దు కాపలాదారులు రేడియోలో బూతుమాటతో తిప్పికొట్టడం నిజం. వాళ్ళు 13 మందీ చనిపోయారని అధ్యక్షుడే ప్రకటించడం కూడా నిజం. వాళ్ళు బతికే ఉన్నారని, రష్యాకు బందీలయ్యారని కొద్ది రోజులకే ఉక్రెయిన్ నౌకాదళం చెప్పింది. తర్వాత ఖైదీల మార్పిడిలో కొందరు ఇంటికొచ్చారు. ఆ రేడియో మాట మీద ఉక్రెయిన్ తపాలా శాఖ ఏప్రిల్ 12న స్టాంపు తెచ్చింది. ఆ దాడికి వచ్చిన మాస్క్వా నౌక ఏప్రిల్ 14న నల్లసముద్రంలో మునిగిపోయింది. ఆ స్టాంపు కోసం కీవ్ పోస్టాఫీసు ముందు జనం బారులు తీరారు. ఇంత గొప్ప నిజం చేతిలో ఉండగా దానికి అబద్ధపు మరణాలు కలపాల్సిన అవసరం ఏముంది?

ఇక నష్టం సంగతి. 2022 మార్చి చివర్లో రష్యా సేనలు కీవ్ పక్కనున్న బుచా నుంచి వెళ్ళిపోయాక, యాబ్లున్స్కా వీధిలో పౌరుల శవాలు బయటపడ్డాయి. అదంతా నాటకమని, మేం వెళ్ళిపోయాక అమర్చారని రష్యా రక్షణ శాఖ అంది. మార్చి మధ్యలో, అంటే రష్యా సేనలు అక్కడ ఉండగానే, తీసిన ఉపగ్రహ చిత్రాల్లో అదే వీధిలో అవే చోట్ల శవాల ఆకారాలు కనిపించాయి. రుజువు అంత స్పష్టంగా ఉన్నా, "కీవ్ దెయ్యం కూడా అబద్ధమేగా, ఇదీ అంతే" అన్నవాళ్ళతో నేను మాట్లాడాను. మనం ముచ్చటపడి పంచిన ప్రతి కట్టుకథ, చంపినవాడు వాడుకోవడానికి ఒక సాకు అవుతుంది. నా కోపమంతా ఇక్కడే.

అపోహ: మన విద్యార్థుల కోసం పుతిన్ ఆరు గంటలు యుద్ధం ఆపాడు.

వాస్తవం: ఆపలేదు. 2022 మార్చి 2న భారత రాయబార కార్యాలయం ఖార్కివ్‌లోని మనవాళ్ళందరినీ వెంటనే నగరం వదిలి పిసోచిన్, బాబాయ్, బెజ్లుదివ్కా అనే ఊళ్ళకు సాయంత్రం ఆరులోగా చేరమంది. దాని నుంచే ఈ ఆరు గంటల కథ అల్లారు. ఏ దారి అందుబాటులో ఉంది, ఎప్పటిలోగా చేరాలి అన్న సమాచారం తమకు అందిందని, దాన్ని మనవాళ్ళకు చెప్పామని, బాంబులు ఆపించారన్నది మాత్రం సరికాదని మర్నాడే విదేశాంగ శాఖ ప్రతినిధి చెప్పారు. ఆ ఖండన ఫార్వర్డ్ కాలేదు, కథ మాత్రం 2024 ఎన్నికల ప్రచారంలో కూడా వినిపించింది.

అప్పుడు ఉక్రెయిన్‌లో చదువుతున్న మన మెడికోల్లో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు చాలామంది ఉండేవారు. ఆ రోజు ఖార్కివ్ నుంచి పది కిలోమీటర్లకు పైగా మంచులో, షెల్లింగ్ మోతల మధ్య నడిచి పిసోచిన్ చేరినవాళ్ళున్నారు. అంతకు ముందు రోజే సరుకుల కోసం వరుసలో నిలబడిన కర్ణాటక విద్యార్థి అక్కడ చనిపోయాడు. మనవాళ్ళను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానాల వెనక అధికారుల కష్టం ఉంది, పొరుగు దేశాల్లో అన్నం పెట్టిన వాలంటీర్ల కష్టం ఉంది. యుద్ధం ఆగిందని చెప్పడం అంటే, ఆగని యుద్ధంలో ఆ పిల్లలు నడిచిన దారిని లేకుండా చేయడమే.

అపోహ: రెండు పక్షాలూ అబద్ధాలే చెబుతాయి, కాబట్టి నిజం ఎప్పటికీ తెలియదు.

వాస్తవం: ఆలస్యం అవుతుంది, కానీ తెలుస్తుంది. 2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న మలేషియా విమానం ఎంహెచ్ 17 కూలి 298 మంది చనిపోయారు. సామాన్యులు తీసిన ఫొటోలు, వీడియోలతో దాన్ని కూల్చిన బక్ అనే క్షిపణిని మోసిన వాహనం వచ్చిన దారిని పరిశోధకులు ఊరూరా పట్టుకున్నారు. 2022 నవంబర్‌లో డచ్ కోర్టు ముగ్గురిని దోషులుగా తేల్చింది. ఈ యుద్ధంలో కూడా ఓరిక్స్ అనే బృందం ఫొటోనో వీడియోనో ఉన్న ట్యాంకులనే లెక్కలో వేసుకుంది. అందుకే దాని అంకె రెండు ప్రభుత్వాలు చెప్పేవాటికంటే నమ్మదగినది. అసలు నష్టం అంతకంటే ఎక్కువే ఉంటుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

అపోహ: మ్యాప్ చూస్తే ఎవరు గెలుస్తున్నారో తెలిసిపోతుంది.

వాస్తవం: 2022 ఫిబ్రవరి 26న రష్యా ప్రభుత్వ వార్తాసంస్థ రియా నోవోస్తి విజయం వచ్చేసినట్టు ముందే రాసిపెట్టుకున్న వ్యాసాన్ని ప్రచురించి, వెంటనే తీసేసింది. ఆ తర్వాతి రోజుల్లో కీవ్ ఉత్తరాన సుమారు 64 కిలోమీటర్ల రష్యా సైనిక వాహనాల వరుస కనిపించింది. మ్యాప్ ప్రకారం నగరం పనైపోయింది. ఆ వరుస ఇంధనం, తిండి అందక ఇరుక్కుపోయింది, ఏప్రిల్ మొదటికల్లా రష్యా ఉత్తర ఉక్రెయిన్ అంతా వదిలేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉక్రెయిన్ ఎదురుదాడితో మ్యాప్‌లో ఖార్కివ్ ప్రాంతం రంగు కొద్ది రోజుల్లో మారిపోయింది. బఖ్‌ముత్ అనే ఒక్క పట్టణం కోసం మాత్రం దాదాపు పది నెలలు పోరాడారు. యుద్ధరేఖను చూపించే డీప్‌స్టేట్ లాంటి ఆన్‌లైన్ మ్యాపుల్లో బూడిద రంగు ప్రాంతం ఎవరి చేతిలో ఉందో తేలని నేల. అక్కడ మన ఫోన్‌లో మిల్లీమీటరు కదిలిన గీత వెనక ఎన్ని ప్రాణాలున్నాయో మ్యాప్ చెప్పదు.

అపోహ: నిద్ర మానుకుని చూస్తేనే వాళ్ళ పక్షాన ఉన్నట్టు.

వాస్తవం: చలికాలంలో కీవ్ మనకంటే మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి దాటాక జరిగే డ్రోన్, క్షిపణి దాడుల తొలి వీడియోలు మనకు తెల్లవారుజామున వస్తాయి. ఆ గంటల్లో వచ్చేదాంట్లో తప్పులు అత్యధికం. అక్కడి అత్యవసర సేవల శాఖ, ప్రాంతీయ అధికారులు వివరాలు పెట్టేసరికి మనకు పొద్దెక్కుతుంది. అప్పటిదాకా ఆగితే మీ టెన్షనూ తగ్గుతుంది, తప్పుడు వార్తలూ తగ్గుతాయి. కోపాన్ని ఏదైనా పనిలో పెట్టాలనుకుంటే, రిజిస్ట్రేషన్ ఉన్న సహాయ సంస్థకు ఇచ్చే చిన్న మొత్తం రాత్రంతా చేసే స్క్రోలింగ్ కంటే మేలు.

అపోహ: రష్యా సైన్యంలో "హెల్పర్" ఉద్యోగానికి వెళ్తే యుద్ధానికి పంపరు.

వాస్తవం: పంపారు. ఏజెంట్ల మాట నమ్మి రష్యా వెళ్ళిన భారతీయులను ముందు వరుసకు తోశారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ నెలలోనే సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి సోదాలు చేసింది. 2024 జులైలో ప్రధాని మాస్కోలో ఈ విషయం ఎత్తాక కొందరు తిరిగొచ్చారు. రష్యా సైన్యం ఆఫర్లకు దూరంగా ఉండమని విదేశాంగ శాఖ ఆ తర్వాత కూడా పదేపదే హెచ్చరించింది.

మీ ఊళ్ళో ఎవరైనా సెక్యూరిటీ గార్డ్, వంటపని, సామాను మోసే పని అని రష్యా బయల్దేరుతుంటే, ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందేమో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. చదవలేని భాషలో ఉన్న కాంట్రాక్టు మీద సంతకం పెట్టనివ్వకండి. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దని చెప్పండి, దాని కాపీ, ఏజెంటు ఫోన్ నంబరు, డబ్బు పంపిన రసీదులు ఇంట్లో పెట్టించండి. ఇప్పటికే వెళ్ళిపోయి ఉంటే ఆ కాగితాలతో పోలీసుల దగ్గరికి వెళ్ళండి, మాస్కో రాయబార కార్యాలయానికి అదే రోజు రాయండి.