వాడని బాంబు, పెట్టుకోని హెల్మెట్

పిల్లలూ,

మొన్న సెలవులకి వచ్చినప్పుడు చిన్నోడు "ఎవరూ వాడనప్పుడు అణుబాంబులు ఎందుకు దాచుకుంటారు తాతయ్యా?" అని అడిగితే, అన్నం తింటూ ఏదో చెప్పి తప్పించుకున్నాను. కాస్త ఓపిగ్గా చెబుదామని ఇప్పుడు రాస్తున్నా.

ముందు మీ నాన్న హెల్మెట్ సంగతి చూడండి. బండి మీద వెళ్తున్నంతసేపూ అది మోచేతికి వేలాడుతుంది, సెంటర్లో ట్రాఫిక్ పోలీసు కనబడగానే నెత్తి మీదికొస్తుంది. చలానా ఎంతో వాడికి గుర్తు కూడా ఉండదు, ఇవాళ పట్టుకుంటారా లేదా అన్నదే లెక్క. 1764లో ఇటలీలో బెకారియా అనే ఆయన రాసింది కూడా దాదాపు ఇదే. శిక్ష ఎంత కఠినం అన్నదానికంటే, పడక తప్పదన్న నమ్మకమే మనిషిని ఎక్కువ ఆపుతుందన్నాడు.

టీవీలో ఏదైనా ఘోరం చూడగానే "ఉరి తీసేయాలి" అంటాం, నేనూ అన్నాను. కానీ 18వ శతాబ్దపు ఇంగ్లండు సంగతి వినండి. అక్కడ ఒక ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు ఎత్తుకుపోతే ఉరే. అంతమాత్రానికి ప్రాణం తీయడం జూరీలో కూర్చున్నవాళ్లకి మనసొప్పేది కాదు, అందుకని చాలాసార్లు పోయిన సొత్తు విలువ 39 షిల్లింగులేనని తేల్చేసేవాళ్లు! చట్టం మరీ భయంకరంగా ఉండబట్టే అమలు కాకుండా పోయేది. దొంగలకి ఈ సంగతి తెలీదంటారా?

ఇక దేశాల మధ్య, అక్కడ సెంటర్లో నిలబడే పోలీసు లేడు. "నువ్వు కొడితే నేనూ కొడతా, నీకూ ఏమీ మిగలదు" అని ఎదుటివాణ్ణి నమ్మించాలి, అదే డిటరెన్స్. బాంబు గిడ్డంగిలోనే పడి ఉంటుంది, పనిచేసేది అవతలివాడి బుర్రలో. అది కూడా ఎప్పుడూ పూర్తిగా కాదు. 1998 మేలో భారత్, పాకిస్తాన్ రెండూ అణు పరీక్షలు చేశాయి, మరుసటి ఏడాదే కార్గిల్ వచ్చింది. కాకపోతే మన విమానాలకి నియంత్రణ రేఖ దాటొద్దని ఆదేశం. సగం ఆగిందనుకోండి.

నన్ను ఇప్పటికీ వణికించేది మాత్రం అమెరికా పక్కనే ఉన్న క్యూబా దీవి సంగతి. 1962 అక్టోబరులో సోవియట్ యూనియన్ అక్కడ అణు క్షిపణులు పెడితే అమెరికా యుద్ధనౌకలతో దారి కాసింది. 27న బి-59 అనే సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించాలని నీళ్లలోకి చిన్న చిన్న పేలుడు గుళ్లు వదిలారు. లోపల ఉక్కపోత, మాస్కోతో మాటల్లేవు, పైన యుద్ధం మొదలైపోయిందనుకుని కెప్టెన్ అణు టార్పెడో, అంటే నీళ్లలో దూసుకెళ్లి పేలే అణ్వాయుధం, సిద్ధం చేయమన్నాడట. పక్కనున్న అర్ఖిపోవ్ అనే అధికారి నచ్చజెప్పి ఆపాడు. అసలు అందులో అలాంటి టార్పెడో ఉందని పైనున్న అమెరికన్లకి తెలీనే తెలీదు. తెలియని బాంబుకి ఎవడు భయపడతాడు?

మర్నాడు సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ క్షిపణులు తీసేస్తానన్నాడు. జడిసి వెనక్కి తగ్గాడనే అంతా అనుకున్నారు గానీ, టర్కీలో ఉన్న తన క్షిపణులు తీసేస్తానని అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కూడా లోపాయికారీగా మాటిచ్చాడు, అది చాలా ఏళ్లు బయటికి రాలేదు.

ఇలా ఒకరి సంగతి ఒకరికి తెలీక ముప్పు రాకూడదని 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా కబురు పంపుకునే హాట్‌లైన్ వేసుకున్నారు. సినిమాల్లో ఎర్ర ఫోను చూపిస్తారు కదా, అదంతా ఉత్తిది, అప్పుడు పెట్టింది టెలిప్రింటర్, అంటే టైపు చేసిన కబురు అవతల కాగితం మీద అచ్చయ్యే యంత్రం. ఫోనైతే గొంతులో కోపం కూడా వినబడుతుందని కాబోలు.

మీ తాతయ్య