సముద్రం వదిలేసిన గట్టు వెంట

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో పొద్దున్నే బస్సెక్కి, ఒకటో నంబరు రోడ్డు మీద తూర్పుకు సుమారు 190 కిలోమీటర్లు పోయి, వీక్ అనే చిన్న ఊరు చూసుకుని రాత్రికి తిరిగొచ్చేయడం. ఐస్‌లాండ్ వెళ్లినవాళ్లలో చాలామంది చేసే దక్షిణ తీరం టూరు ఇదే. రెండు జలపాతాలు, ఒక హిమానీనదం, ఒక నల్లటి బీచ్. ఫోన్ నిండా ఫొటోలు. అయితే బస్సులో ఎడమ పక్క కిటికీ సీటు దొరికితే వదలకండి. దారి పొడవునా మనతో పాటే వచ్చే ఒక నిట్టనిలువు గట్టు కనిపిస్తుంది. జలపాతాల కంటే ముందు చూడాల్సింది దాన్నే అంటాను.

రేక్యావిక్ దాటగానే హెల్లిషేయ్‌ది దగ్గర ఆవిర్లు చిమ్మే భూతాప విద్యుత్ కేంద్రం వస్తుంది. రేక్యావిక్ ఇళ్లకు వేడినీళ్లు ఇక్కడినుంచి కూడా పైపుల్లో వెళ్తాయి. భూమి పైపొరలోని అమెరికా ఫలకం, యూరప్ ఫలకం ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరిగే చోట ఉన్న దేశమిది. అందుకే నేల కింద అంత వేడి.

మొదటి మజిలీ సెల్యాలాండ్స్‌ఫోస్. 60 మీటర్ల ఎత్తు నుంచి దూకే ఈ నీటి వెనక్కి నడిచి వెళ్లొచ్చు. రెయిన్‌కోటు ఉన్నా తడవడం ఖాయం. లోపల నిలబడి వెనక గోడను చూస్తే సంగతి తెలుస్తుంది. పైన గట్టి లావా పొర, కింద అగ్నిపర్వతపు బూడిద, గాజు ముక్కలు గట్టిపడి ఏర్పడ్డ మెత్తటి రాయి. వేల ఏళ్లుగా తుంపర్లు ఆ మెత్తటి భాగాన్ని తొలిచేశాయి, పైనున్న గట్టి రాయి చూరులా నిలిచిపోయింది. అరగంట దూరంలో ఉన్న స్కోగాఫోస్‌దీ దాదాపు ఇదే ఎత్తు, కాకపోతే 25 మీటర్ల వెడల్పున తెరలా పడుతుంది.

రెండు జలపాతాలదీ ఒకే ఎత్తు కావడం కాకతాళీయం కాదు. రెండూ ఒకే గట్టు మీదినుంచి దూకుతున్నాయి. ఆ గట్టు ఒకప్పటి సముద్రపు ఒడ్డు. అలలు దాన్ని కొట్టి కొట్టి నిలువుగా చెక్కాయి. ఇప్పుడు స్కోగాఫోస్ దగ్గర నిలబడితే సముద్రం ఐదు కిలోమీటర్ల అవతల ఉంటుంది.

మరి సముద్రాన్ని అంత దూరం నెట్టిందెవరు? మంచు, అగ్నిపర్వతం కలిసి చేసిన పని ఇది. మంచుయుగంలో మందపాటి మంచు బరువుకు నేల కుంగిపోయింది. సుమారు పది వేల ఏళ్ల కిందట ఆ మంచు కరిగాక మెల్లగా పైకి లేచింది. మిగతా పని వరదలది. ఈ తీరంలో అగ్నిపర్వతాలు హిమానీనదాల కింద దాక్కుని ఉంటాయి. అవి పేలితే అడుగున మంచు కరిగి, నీళ్లు పోగై, ఒక్కసారిగా బద్దలై బయటికొస్తాయి. ఇసుక, బండరాళ్లు, ఇంటంత మంచుగడ్డలు కొట్టుకొచ్చి సముద్రంలో పడతాయి. 1918 అక్టోబరు 12న కాట్లా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు ఇలాగే జరిగి, తీరం కొన్ని కిలోమీటర్లు ముందుకు జరిగింది. రోడ్డుకు కుడి పక్కన మనం చూసే నల్లటి మైదానం ఇలాంటి వరదలు పరిచిన ఇసుకే.

2010 ఏప్రిల్‌లో యూరప్ విమానాలను ఆపేసిన ఎయాఫ్యాట్లయోకుల్ అగ్నిపర్వతం కూడా ఈ గట్టు పైనే ఉంది. అదేమీ భారీ పేలుడు కాదు. పైకొచ్చే శిలాద్రవం మంచునీటిని తాకి పిండిలా ముక్కలైపోయింది. ఆ సన్నని బూడిదను గాలి యూరప్ మీదికి తోసింది. దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి.

తర్వాత సోల్‌హేమాయోకుల్ హిమానీనదం. హెల్మెట్, బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు బిగించుకుని గైడ్ వెనకే నడవాలి. తెల్లటి మంచును ఊహించుకుని వెళ్తే నిరాశే, అంతా మసి పూసినట్టుంటుంది. మంచు మీద అక్కడక్కడా నడుమెత్తు నల్లటి గుట్టలు కనిపిస్తాయి. మట్టికుప్పలనుకుంటాం. గైడ్ గొడ్డలి కొసతో గీకితే రెండు వేళ్ల మందం బూడిద కింద గట్టి మంచు మెరుస్తుంది. బూడిద పలుచగా పడితే ఎండను పీల్చి మంచును త్వరగా కరిగిస్తుంది. మందంగా పడితే ఎండ తగలనివ్వకుండా కాపాడుతుంది. చుట్టూ మంచు కరిగి దిగిపోతుంటే బూడిద కప్పుకున్న చోటు మాత్రం గుట్టగా మిగులుతుంది.

ఈ హిమానీనదం కొసను దగ్గర్లోని ఒక బడి పిల్లలు 2010 నుంచి ఏటా కొలుస్తున్నారు. అది ఇప్పటికే వందల మీటర్లు వెనక్కి పోయింది. ఖాళీ అయిన చోట చెరువు ఏర్పడింది.

చివరగా రేనిస్‌ఫ్యారా. నల్లటి గులకరాళ్ల ఒడ్డు, పక్కనే పేర్చినట్టున్న ఆరు పలకల రాతి స్తంభాలు. లావా చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లు పైనుంచి లోపలికి దిగుతూ రాయిని స్తంభాలుగా చీలుస్తాయి. రాయి మనకు కొత్తదేం కాదు. వికారాబాద్ వైపు, గోదావరి జిల్లాల్లో పంగిడి దగ్గర ఉన్న నల్లరాయి కూడా ఇలాగే లావా చల్లారి ఏర్పడ్డ బసాల్టే. కాకపోతే మనది ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. దాని ముందు ఇక్కడిది నిన్న మొన్నటి రాయి.

ఇక్కడ సముద్రం తన చోటును తిరిగి లాక్కుంటోంది. అలలు చూడ్డానికి మామూలుగానే వస్తాయి, ఉన్నట్టుండి ఒకటి ఒడ్డు పైదాకా దూసుకొచ్చి కాళ్ల కింద గులకరాళ్లను లాగేస్తుంది. టూరిస్టులు ప్రాణాలు పోగొట్టుకున్న చోటు కాబట్టే హెచ్చరిక లైట్లు పెట్టారు. ఎర్ర లైటు వెలిగితే సెల్ఫీ సంగతి మరచిపోవాలి.

వీక్‌లో కాఫీ తాగేటప్పుడు గుట్ట మీద ఎర్ర కప్పు చర్చి కనిపిస్తుంది. కాట్లా పేలితే ఊరివాళ్లు చేరాల్సింది అక్కడికే. 1918 తర్వాత కాట్లా పెద్దగా పేలలేదు, అందుకే శాస్త్రజ్ఞులు దాని మీద ఓ కన్నేసి ఉంచారు. భూకంప యంత్రాలతో పాటు నదుల నీటిలో విద్యుత్ వాహకత ఎంతుందో కూడా కొలుస్తుంటారు. హిమానీనదం అడుగున కరిగిన నీళ్లు కలిస్తే ఖనిజాల వల్ల ఆ అంకె పెరుగుతుంది. 2011 జులైలో వీక్‌కు తూర్పున ఉన్న మూలాక్విస్ల్ నదికి అలాంటి చిన్న వరదే వచ్చి, ఒకటో నంబరు రోడ్డు మీది వంతెనను ఎత్తుకుపోయింది. వారం తిరక్కుండానే తాత్కాలిక వంతెన కట్టేశారు.