అమావాస్య నాడు సముద్రంలో నడక

గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. “మామయ్యా, నరారాలో సముద్రం లోపలికి చాలా దూరం నడిచాం. చీలమండ దాకే నీళ్లు, చుట్టూ పగడాలు! వైజాగ్‌లో ఇలా ఎందుకుండదు?”

నరారా ఉన్నది కచ్ సింధుశాఖ దక్షిణ తీరాన, 1982లో ఏర్పడిన మెరైన్ నేషనల్ పార్కులో. దేశంలో మొదటి సముద్ర జాతీయ పార్కు అదే. దీవులు, మడ అడవుల సంగతి గైడుబుక్కుల్లో ఉంటుంది. నా ఆసక్తంతా ఆ నీళ్ల మీదే.

వైజాగ్‌లో పోటుకీ ఆటుకీ తేడా ఎంత పెద్ద పోటు రోజైనా మీటరున్నర ప్రాంతమే. సింధుశాఖ మొదట్లో ఓఖా దగ్గర అది 3 మీటర్లకు అటూఇటూ. లోపల కాండ్లాకు చేరేసరికి 6 దాటుతుంది. లాగేది ఒకే చంద్రుడు. బడిలో మనకు నేర్పే భూమి, చంద్రుడు, రెండు నీటి ఉబ్బుల బొమ్మతో ఈ లెక్క తేలదు.

కిటుకంతా సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంది. పోటంటే చాలా పొడవైన అల. లోపలికి పోయేకొద్దీ దారి ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. మోసుకొచ్చిన శక్తి మాత్రం అంతే, కాబట్టి అల ఎత్తు పెరగాల్సిందే. ఎంత పెరుగుతుందో 1837లో లెక్క కట్టినవాడు జార్జ్ గ్రీన్, నాటింగ్‌హామ్‌లో గాలిమర నడిపిన మనిషి. బడికి పోయింది ఏడాది పాటే! వెడల్పు నాలుగో వంతైతే ఎత్తు రెట్టింపు. లోతు వల్లే రెట్టింపు కావాలంటే అది పదహారో వంతుకు తగ్గాలి. అంటే ఇరుకుదే పెద్ద చెయ్యి. సముద్రం అడుగున రాపిడి కొంత శక్తిని తినేస్తుందనుకోండి. శిఖరం ఎంత లేస్తే పల్లం అంత దిగుతుంది, అందుకే ఆటు వేళ నేల బయటపడుతుంది.

అది కూడా దాదాపు బల్లపరుపు నేల. 500 మీటర్లకు ఒక మీటరు వాలు అనుకుంటే, నీరు 4 మీటర్లు దిగితే 2 కిలోమీటర్లు తేలుతుంది. పది మీటర్లకే మీటరు దిగే ఇసుక తీరంలో మీటరున్నర దిగితే తేలేది 15 మీటర్లే.

అమావాస్య నాడు గడప దాటొద్దనేది మా పెద్దమ్మ. నరారాకు మాత్రం అమావాస్య, పౌర్ణమి రోజులే మంచివి. సూర్యచంద్రులు ఒకే వరసలో లాగుతారు, ఆటు బాగా దిగుతుంది. అప్పుడు పగడాలు ఎండలో పడతాయి. వాటి జీవులు లోపలికి ముడుచుకుని, ఆరిపోకుండా ఒంటి మీద జిగురు పూసుకుంటాయి. వేలితో ముట్టుకున్నా ఆ పూత చెదురుతుంది.

“నీళ్లు కదలకముందే గైడు వెనక్కి పదమని ఒకటే తొందర,” అన్నాడు మావాడు. ఆయన లెక్క కరెక్టే. ఆటు తర్వాత పోటు ఆరు గంటలు ఎక్కుతుంది. మొదటి గంటలో వచ్చేది సుమారు పన్నెండో వంతే, మూడో గంటలో నాలుగో వంతు. నీళ్లు కదిలాయని మనకు అనిపించేసరికి వెనకున్న పల్లాలు నిండిపోయి ఉంటాయి.